టీవీకి పెట్టిన ల్యాప్‌టాప్‌ను సోఫాలో కూర్చుని నడపాలంటే

మీరు అడిగింది ఇదీ: ఊళ్ళో ఇంట్లో 43 అంగుళాల టీవీ ఉంది, స్మార్ట్ టీవీ కాదు. మీరు వాడి పక్కన పెట్టిన పాత విండోస్ ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో దానికి కలిపారు. అమ్మానాన్నలు యూట్యూబ్, ఓటీటీ సినిమాలు అందులోనే చూస్తున్నారు. కానీ కాసేపు ఆపాలన్నా, ఇంకోటి పెట్టాలన్నా లేచి ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాల్సిందే. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. టీవీ రిమోట్‌తో గానీ ఫోన్‌తో గానీ ల్యాప్‌టాప్‌ను నడపొచ్చా, ఎవరో ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) వేసుకోమన్నారు, అది మంచిదేనా అన్నారు. మీరు బెంగళూరులో ఉంటారు కాబట్టి అక్కడి నుంచి కూడా అప్పుడప్పుడు సరిచేసే వీలుంటే బాగుంటుందన్నారు.

సూటిగా చెబుతాను. టచ్‌ప్యాడ్ ఉన్న చిన్న వైర్‌లెస్ కీబోర్డు ఒకటి కొనండి. దానికి తోడుగా ఫోన్‌లో కేడీఈ కనెక్ట్ అనే ఉచిత యాప్ పెట్టండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మాత్రం తీయకండి. ఎనీడెస్క్ ఈ పనికి పనికిరాదు. టీవీ రిమోట్‌ను సౌండ్‌కు మాత్రమే వాడండి. బెంగళూరు నుంచి చూసుకోవడానికి వేరే ఏర్పాటు ఉంది, చివర్లో చెబుతాను.

నేను హనుమకొండలో కంప్యూటర్ సర్వీస్ చేస్తాను. ఇళ్ళలో టీవీలు, వైఫై, సీసీ కెమెరాలు బిగించడమే రోజువారీ పని. పిల్లలు బయట ఉద్యోగాల్లో, పెద్దవాళ్ళు ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌తో ఉండే ఇళ్ళు చాలా చూస్తుంటాను. అందుకే కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. బొమ్మ, సౌండ్ ల్యాప్‌టాప్ నుంచి టీవీకి వెళ్ళడం ఒకటి. మన చేతి నుంచి ల్యాప్‌టాప్‌కు ఆజ్ఞ వెళ్ళడం రెండోది. మొదటిది చాలా బరువైన పని, సెకనుకు పాతిక నుంచి అరవై దాకా బొమ్మలు వెళ్తుంటాయి. రెండోది చాలా తేలిక, ఒక బటన్ నొక్కిన సమాచారం అంతే. బరువైన దాన్ని వైరు మీద పంపండి, తేలికైన దాన్ని గాల్లో పంపండి. నా దగ్గరికి వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ చేసేది అదే. అవి ల్యాప్‌టాప్ స్క్రీన్ మొత్తాన్నీ వీడియోగా మార్చి మీ ఫోన్‌కు పంపుతాయి. ఎదురుగా టీవీలో సినిమా కనిపిస్తూనే ఉంటే అదే సినిమా చేతిలోని ఫోన్‌లోకి మళ్ళీ రావడం ఎందుకు? పాత ల్యాప్‌టాప్ ప్రాసెసర్ అప్పటికే సినిమా ప్లే చేయడానికి కష్టపడుతుంటుంది. ఈ రెండో పని కూడా నెత్తిన పడితే టీవీలో సినిమా తడబడుతుంది. పైగా కొన్ని ఓటీటీల్లో కాపీ రక్షణ ఉంటుంది కాబట్టి ఫోన్‌లో వీడియో ఉండాల్సిన చోట నల్లగా కనిపిస్తుంది. అది చూసి ఏదో పాడైందని కంగారు పడతారు.

విండోస్‌లోనే ఉండే రిమోట్ డెస్క్‌టాప్ అయితే మన పనికి అసలు కుదరదు. హోమ్ ఎడిషన్‌లోకి దాంతో బయటి నుంచి రాలేం. ప్రో ఎడిషన్‌లోకి వచ్చినా, మీరు ఫోన్‌తో లోపలికి వెళ్ళిన క్షణంలో ల్యాప్‌టాప్ అసలు స్క్రీన్ లాక్ అయిపోతుంది. అంటే టీవీ మీద లాక్ స్క్రీన్ ఒక్కటే మిగులుతుంది, సినిమా మీ ఫోన్‌లో నడుస్తుంది.

ఇక కేబుల్ తీసేసి వైఫైతోనే టీవీకి స్క్రీన్ పంపే పద్ధతి, మిరాకాస్ట్, గురించి. విండోస్ కీతో కె నొక్కితే వచ్చేది అదే. మీ టీవీ స్మార్ట్ కాదు కాబట్టి ఎలాగూ వేరే పరికరం కావాలి. కొన్నా కూడా మౌస్ కదిపిన కాసేపటికి టీవీలో బాణం కదులుతుంది. ఫొటోలు చూపించడానికి బాగుంటుంది గానీ రోజూ సినిమాలకు విసుగొస్తుంది.

కీబోర్డే ముందు ఎందుకు?

ఫోన్ యాప్ ఉచితం కదా, కీబోర్డుకు డబ్బు ఎందుకని చాలామంది అడుగుతారు. కారణం ఇదీ. ఫోన్‌తో నడిపే ఏ యాప్ అయినా ల్యాప్‌టాప్‌లో దాని జోడీ ప్రోగ్రామ్ నడుస్తుంటేనే పనిచేస్తుంది. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, ల్యాప్‌టాప్ మళ్ళీ ఆన్ అయితే ముందు లాక్ స్క్రీన్ వస్తుంది. అక్కడ ఆ ప్రోగ్రామ్ ఇంకా మొదలై ఉండదు. పిన్ కొట్టడానికి మళ్ళీ లేవాల్సిందే. అలాగే విండోస్ స్క్రీన్ మొత్తం మసకబార్చి అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు ఫోన్ మౌస్ దాన్ని నొక్కలేదు. రూటర్ ఆగిపోతే ఫోన్ యాప్ కూడా ఆగిపోతుంది. యూఎస్‌బీ రిసీవర్‌తో (ల్యాప్‌టాప్‌కు గుచ్చే చిన్న ముక్క, కీబోర్డు సిగ్నల్ అందుకునేది అదే) వచ్చే కీబోర్డుకు ఈ గొడవలేవీ లేవు. ల్యాప్‌టాప్ దాన్ని సొంత కీబోర్డులాగే చూస్తుంది. నిద్రపోయిన ల్యాప్‌టాప్‌ను కూడా చాలా మోడళ్ళలో అది లేపగలదు.

కుడివైపు టచ్‌ప్యాడ్ ఉండే రకం తీసుకోండి. లాజిటెక్ కే400 ప్లస్ బాగా నడుస్తుంది, రెండు పెన్సిల్ బ్యాటరీలతో చాలా నెలలు వస్తుంది. అంతకంటే చౌకవి అరచేతిలో ఇమిడేవి కూడా ఉన్నాయి. వెయ్యి రూపాయల నుంచి మూడు నాలుగు వేల దాకా ధరలుంటాయి. పెద్దవాళ్ళకు మాత్రం అరచేతి సైజువి వద్దంటాను. అక్షరాలు మరీ చిన్నవి, వేలు ఒకటి నొక్కితే రెండు పడతాయి. గాల్లో ఊపితే బాణం కదిలే ఎయిర్ మౌస్ రిమోట్లు కూడా దొరుకుతాయి. వయసులో ఉన్నవాళ్ళకు సరదాగా ఉంటుంది, చేయి వణికే వాళ్ళకు మాత్రం చిన్న బటన్ మీద బాణాన్ని నిలపడమే కష్టం.

ఇక్కడ ఎక్కువమందికి తెలియని చిక్కు ఒకటుంది. కీబోర్డు కొని, రిసీవర్ గుచ్చి, సోఫాలో కూర్చున్నాక బాణం ఆగి ఆగి కదులుతుంది, ఒక అక్షరం రెండుసార్లు పడుతుంది. కీబోర్డు మంచిది కాదని వెనక్కి పంపేస్తారు. చాలాసార్లు తప్పు కీబోర్డుది కాదు. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటిలో పెట్టిన హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి. ఈ రిసీవర్లు పనిచేసేది సరిగ్గా అక్కడే. దీని మీద ఇంటెల్ 2012లోనే సాంకేతిక పత్రం వేసింది. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపల నీలం రంగు ప్లాస్టిక్ ఉన్నది 3.0 పోర్టు. రిసీవర్‌ను దానికి దూరంగా, నల్ల రంగు పోర్టు ఉంటే అందులో పెట్టండి. అంతకంటే మంచిది ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, రిసీవర్‌ను టీవీ ముందు అంచుకు తెచ్చి టేపుతో అంటించడం. ల్యాప్‌టాప్ టీవీ వెనకాల ఉంటే ఇది తప్పనిసరి. టీవీ వెనక ఉండే ఇనుప రేకు సిగ్నల్‌ను బాగా అడ్డుకుంటుంది. వంద నూటయాభై రూపాయల వైరుతో బాగుపడిన కీబోర్డులు నేను ఎన్నో చూశాను.

మా దగ్గర ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి ఇంట్లో ఆయన భార్య చేసిన ఏర్పాటు నాకు బాగా నచ్చింది. కీబోర్డులో ఆమెకు కావాల్సిన బటన్ల మీద బొట్టుబిళ్ళలు అంటించింది. స్పేస్ బార్ మధ్యలో పెద్ద ఎర్ర బిళ్ళ, అంటే ఆపు, నడుపు. ఎఫ్ మీద పచ్చది, స్క్రీన్ నిండా రావడానికి. ఎడమ కుడి బాణాల మీద చిన్న నల్ల బిళ్ళలు, వెనక్కి ముందుకు. ఎస్కేప్ మీద పసుపుది. ఇంగ్లీషు అక్షరాలు చూసే పనే లేదు. చీకట్లో కూడా వేలికి తగిలి తెలుస్తాయి. అప్పటి నుంచి పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లో నేనూ ఇదే చెబుతున్నాను. ఈ ఐదు బటన్లు యూట్యూబ్‌లోనూ, పెద్ద ఓటీటీల వెబ్‌సైట్లలో ఎక్కువ వాటిలోనూ ఒకేలా పనిచేస్తాయి. యూట్యూబ్‌లో అదనంగా జె నొక్కితే పది సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే పది సెకన్లు ముందుకు, షిఫ్ట్‌తో ఎన్ నొక్కితే తర్వాతి వీడియో.

ఫోన్‌తో నడపడం

కేడీఈ కనెక్ట్‌కు ప్రకటనలు లేవు, డబ్బు కట్టమనదు, ఓపెన్ సోర్స్. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో, ఆండ్రాయిడ్‌కు ప్లే స్టోర్‌లో దొరుకుతుంది. ఐఫోన్‌కూ ఉంది. రెండింటిలో పెట్టి, రెండూ ఒకే వైఫైలో ఉండగా ఒకసారి జత చేస్తే చాలు. ఫోన్ స్క్రీన్ టచ్‌ప్యాడ్ అవుతుంది, ఫోన్ కీబోర్డుతో టైప్ చేయొచ్చు, ప్లే అవుతున్న వీడియోను ఆపే బటన్లు వస్తాయి. యూనిఫైడ్ రిమోట్, రిమోట్ మౌస్ అనేవి కూడా ఇదే పని చేస్తాయి. వాటిలో కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి.

నేను దీన్ని అందరికీ చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. అమ్మగారికి ఇంగ్లీషులో టైప్ చేసి వెతకడం కష్టం కదా. ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి మైకు నొక్కి తెలుగులో చెబితే కావాల్సిన పాటో, ప్రవచనమో వచ్చేస్తుంది. అది ఆమెకు అప్పటికే అలవాటై ఉంటుంది. ఆ వీడియో కింద షేర్ నొక్కి కేడీఈ కనెక్ట్‌ను ఎంచుకుంటే ఆ లింకు నేరుగా ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. తర్వాత కీబోర్డులో పచ్చ బిళ్ళ నొక్కితే టీవీ నిండా వస్తుంది. వెతకడం చేతిలో, చూడటం టీవీలో. వాట్సాప్‌లో చుట్టాలు పంపిన యూట్యూబ్ లింకు కూడా ముందు ఫోన్‌లో తెరిచి ఇలాగే పంపొచ్చు. ఈ ఒక్కటి నేర్పితే మీకు వచ్చే ఫోన్లు సగానికి సగం తగ్గుతాయి.

జత కుదరకపోతే మూడు చోట్ల చూడండి. మొదట, ఫోన్, ల్యాప్‌టాప్ నిజంగా ఒకే రూటర్‌లో ఉన్నాయా? ఒక అపార్ట్‌మెంట్‌లో ల్యాప్‌టాప్ అసలు వైఫైలో, ఫోన్ గెస్ట్ వైఫైలో ఉంది. రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తోంది కాబట్టి ఇంట్లో వాళ్ళకు అనుమానమే రాలేదు. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలు మామూలుగా మిగతా వాటిని చూడలేవు. కొన్ని రూటర్లలో ఏపీ ఐసొలేషన్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా ఇంతే. రెండోది, విండోస్ ఆ వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా గుర్తు పెట్టుకుని ఉంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌కు వెళ్ళి ప్రైవేట్ చేయండి. ఇంటి వైఫైకి మాత్రమే అలా చేయాలి, హోటల్లో, రైల్వే స్టేషన్లో చేయకూడదు. మూడోది ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్ నుంచి వచ్చే వాటిని అడ్డగించే కాపలా. వేరే యాంటీవైరస్ ఉంటే అది అడ్డుకుంటూ ఉండొచ్చు. కేడీఈ కనెక్ట్‌కు 1714 నుంచి 1764 వరకు నెట్‌వర్క్ పోర్టులు (నంబర్లున్న దారులు, యూఎస్‌బీ పోర్టులు కావు) అందులో తెరిచి ఉండాలి.

వైఫై సరిగ్గా లేని ఇంట్లో ఇంకో దారి ఉంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోనే బ్లూటూత్ కీబోర్డు, మౌస్‌లా కనిపించే ఏర్పాటు వచ్చింది. అలాంటి యాప్ వేసి ల్యాప్‌టాప్‌తో బ్లూటూత్‌లో జత చేస్తే ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. అయితే ఈ యాప్‌లలో ప్రకటనలు ఎక్కువ, కాబట్టి దీన్ని రెండో ఎంపికగానే ఉంచుకోండి.

హార్డ్ డిస్కులో ఉన్న సినిమాలు, పెళ్ళి వీడియోలు చూస్తారా? అయితే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో వెబ్ ఇంటర్‌ఫేస్ ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టండి. ఫోన్ బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ (ఇంటి వైఫైలో దానికి ఉండే నంబరు) కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టి 8080 అని రాస్తే రిమోట్ వస్తుంది. యూజర్ నేమ్ ఖాళీగా వదిలేసి పాస్‌వర్డ్ ఒక్కటే ఇవ్వాలి. ఆ ఐపీ అడ్రస్ మారిపోకుండా రూటర్‌లో ఆ ల్యాప్‌టాప్‌కు ఒకటి కేటాయించి పెట్టండి.

టీవీ రిమోట్ సంగతి

హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిమోట్ ఆజ్ఞలు పంపే ఏర్పాటు ఉంది, దాన్ని సీఈసీ అంటారు. శాంసంగ్ వాళ్ళు ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్జీ వాళ్ళు సింప్‌లింక్ అనీ, సోనీ వాళ్ళు బ్రావియా సింక్ అనీ పిలిచేది దాన్నే. కానీ మామూలు ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుల్లో ఉంటుంది. కాబట్టి టీవీలో ఆ సెట్టింగ్ ఆన్ చేసి గంటలు గడపకండి. మామూలు రిమోట్ సిగ్నల్‌ను కీబోర్డు బటన్లుగా మార్చే యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్లు ఉన్నాయి గానీ, సెట్ చేయడానికి ఓపిక కావాలి, మీ పరిస్థితికి అవసరం లేదు.

టీవీ రిమోట్‌ను సౌండ్‌కు వాడండి అన్నాను కదా. ల్యాప్‌టాప్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, బ్రౌజర్‌లో వీడియో వాల్యూమ్ కూడా పూర్తిగా పెంచి వదిలేయండి. ఇక ఎప్పుడైనా టీవీ రిమోట్‌తోనే పెంచడం, తగ్గించడం. మూడు చోట్ల మూడు వాల్యూమ్‌లు ఉంటే పెద్దవాళ్ళకు ఎక్కడ తగ్గిందో దొరకదు. సౌండ్ అసలే టీవీలో రాకపోతే విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌గా టీవీ పేరును ఎంచుకోవాలి. ఎక్కువగా అది ల్యాప్‌టాప్ స్పీకర్ మీదే ఉండిపోయి ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి చేసి పెట్టాల్సినవి

విండోస్ కీతో పి నొక్కండి. నాలుగు ఎంపికలు వస్తాయి. అందులో సెకండ్ స్క్రీన్ ఓన్లీ పెట్టండి. డూప్లికేట్‌లో పెడితే పాత ల్యాప్‌టాప్ 1366×768 స్క్రీన్‌కు తగ్గట్టే టీవీలోనూ రావచ్చు, ఫుల్ హెచ్‌డీ టీవీ కూడా మసగ్గా కనిపిస్తుంది. ఎక్స్‌టెండ్‌లో పెడితే బాణం కనిపించని ల్యాప్‌టాప్ స్క్రీన్‌లోకి వెళ్ళిపోయి, సోఫాలో ఉన్నవాళ్ళు దాని కోసం వెతుక్కుంటూ ఉంటారు. "మౌస్ మాయమైంది" అని నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఇదే.

తర్వాత మూత. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి, మూత వేస్తే ఏం చేయాలన్న చోట, ప్లగ్గులో ఉన్నప్పుడు ఏమీ చేయొద్దు అన్నది ఎంచుకోండి. అయితే మూత వేసి నడపాలా వద్దా అన్నది ల్యాప్‌టాప్‌ను బట్టి ఉంటుంది. కొన్నింటిలో వేడి కీబోర్డు పైనుంచి కూడా బయటికి పోతుంది. అలాంటివి మూసి నడిపితే ఫ్యాన్ గీ మంటూ ఉంటుంది. సందేహం ఉంటే మూత తెరిచే ఉంచండి, సెకండ్ స్క్రీన్ ఓన్లీ పెట్టారు కాబట్టి ఆ స్క్రీన్ ఎలాగూ ఆరిపోయి ఉంటుంది. టీవీ స్టాండ్ లోపల తలుపులు మూసిన అరలో మాత్రం పెట్టొద్దు.

అక్షరాల సైజు తప్పక మార్చండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 150 శాతం, అవసరమైతే 175 పెట్టండి. మౌస్ బాణాన్ని పెద్దదిగా, నల్లగానో పచ్చగానో చేయండి. తెల్ల బాణం తెల్ల పేజీ మీద పది అడుగుల దూరం నుంచి కనిపించదు. ఓటీటీల వెబ్‌సైట్లను, యూట్యూబ్‌ను డెస్క్‌టాప్ మీద పెద్ద ఐకాన్లుగా పెట్టి, మిగతావన్నీ తీసేయండి. నాలుగు బొమ్మలు తప్ప ఏమీ లేని డెస్క్‌టాప్ చూస్తే పెద్దవాళ్ళకు భయం పోతుంది.

టీవీలో టాస్క్‌బార్ అంచు కోసుకుపోయినట్టు కనిపిస్తే అది ల్యాప్‌టాప్ తప్పు కాదు. టీవీ పిక్చర్ సైజును మార్చాలి. ఎల్జీలో జస్ట్ స్కాన్, సోనీలో ఫుల్ పిక్సెల్ లాంటి పేర్లతో ఉంటుంది.

విండోస్ అప్‌డేట్‌లో యాక్టివ్ అవర్స్‌ను వాళ్ళు టీవీ చూసే వేళలకు పెట్టండి, మధ్యలో రీస్టార్ట్ కాకుండా ఉంటుంది. మీది విండోస్ 10 అయితే దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అది 11కు మారని పాత మెషీన్ అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయొచ్చు, కేడీఈ కనెక్ట్ అందులోనూ నడుస్తుంది. కాకపోతే కొన్ని ఓటీటీలు లినక్స్ బ్రౌజర్‌లో తక్కువ క్వాలిటీయే ఇస్తాయి. యూట్యూబ్‌కు ఆ ఇబ్బంది లేదు. ఏదైనా సరే, ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు, జీమెయిల్ పాస్‌వర్డ్‌లు ఉంచకండి. సినిమాలకు వేరే గూగుల్ అకౌంట్ పెట్టండి.

బ్యాటరీ, ఎర్తింగ్: దయచేసి దీన్ని వదిలేయకండి

ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బే అవకాశం ఉంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, మూత సరిగ్గా పడకపోయినా, కింద పెడితే ఊగుతున్నా వెంటనే ఆపేసి బ్యాటరీ తీయించేయండి. దాన్ని నొక్కడం, గుచ్చడం చేయొద్దు. చాలా మోడళ్ళు బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీదే నడుస్తాయి. బ్యాటరీ బాగానే ఉంటే, కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉందేమో చూసి పెట్టండి.

రెండోది ఎర్తింగ్. ల్యాప్‌టాప్ లోహపు భాగాన్ని తాకితే వేళ్ళకు జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదని అర్థం. అడాప్టర్‌కు త్రీ పిన్ ప్లగ్గు ఉన్నా, దాన్ని టూ పిన్ కన్వర్టర్‌తో పెట్టి వాడే ఇళ్ళు మన దగ్గర ఎక్కువ. పాత ఇళ్ళలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నా లోపల ఎర్త్ వైరే ఉండదు. అడాప్టర్ నుంచి లీకయ్యే ఆ కొద్దిపాటి కరెంటు, హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చే క్షణంలో టీవీలోకి దారి వెతుక్కుంటుంది. హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోయి నా దగ్గరికి వచ్చిన టీవీ బోర్డుల్లో ఈ కథ మళ్ళీ మళ్ళీ వింటాను: అన్నీ ఆన్‌లో ఉండగా కేబుల్ తీసి పెట్టారు. కేబుల్ గుచ్చేటప్పుడు, తీసేటప్పుడు టీవీ స్విచ్, ల్యాప్‌టాప్ అడాప్టర్ రెండూ గోడ దగ్గర ఆపండి. ఎలక్ట్రీషియన్‌తో ఆ సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో చూపించండి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గులతో పాటు డిష్ వైరు కూడా టీవీ నుంచి తీసేయమని అమ్మానాన్నలకు చెప్పండి.

కేబుల్ పొడవు గురించి కూడా ఒక మాట. ల్యాప్‌టాప్‌ను సోఫా పక్కనే పెట్టుకుని పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీ దాకా లాగితే రిమోట్ గొడవే ఉండదు కదా అని అనుకోవచ్చు. చిన్న హాల్లో అది నిజంగానే మంచి పద్ధతి. ఐదు మీటర్ల దాకా మామూలు మంచి కేబుల్ చాలు. ఫుల్ హెచ్‌డీ అయితే పది మీటర్ల దాకా కూడా లాగొచ్చు. అంతకు మించితే ఆప్టికల్ రకం తీసుకోవాలి. దానికి ల్యాప్‌టాప్ వైపు ఏది, టీవీ వైపు ఏది అని రాసి ఉంటుంది, తిప్పి పెడితే బొమ్మ రాదు. నడిచే దారిలో మాత్రం వైరు వేయకండి, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది కాలికి తగిలితే ప్రమాదం.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. అమ్మానాన్నలు చూసేది యూట్యూబ్, రెండు మూడు ఓటీటీలే అయితే ఐదు వేల లోపు వచ్చే ఫైర్ టీవీ స్టిక్ లాంటిది వాళ్ళకు ల్యాప్‌టాప్ కంటే సుఖం. చిన్న రిమోట్, తెలుగు ఓటీటీ యాప్‌లు, నిద్రపోయే మెషీన్‌తో పని లేదు, మైకు నొక్కి మాట్లాడొచ్చు. హార్డ్ డిస్కులో వీడియోలు, వీడియో కాల్స్, బ్రౌజర్‌లో మాత్రమే వచ్చేవి కావాలనుకుంటే ల్యాప్‌టాప్‌కే నా ఓటు. రెండూ పెట్టుకుంటే ఇంకా మంచిది. మీ టీవీకి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉండే ఉంటాయి, ఒకసారి వెనక చూడండి.

బెంగళూరు నుంచి చూసుకోవడం

దీనికి మాత్రం రిమోట్ డెస్క్‌టాప్ తరహా ప్రోగ్రామే కావాలి, ఎందుకంటే ఇక్కడ మీకు ఆ స్క్రీన్ కనపడాలి. నేను క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వాడమంటాను. మీరు ఇంటికి వెళ్ళినప్పుడు సినిమాల గూగుల్ అకౌంట్‌తో రిమోట్ యాక్సెస్ ఆన్ చేసి, కనీసం ఆరు అంకెల పిన్ పెట్టాలి. పుట్టినరోజు తేదీ పెట్టకండి. ఆ అకౌంట్‌కు రెండంచెల వెరిఫికేషన్ కూడా ఆన్ చేయండి. తర్వాత అటువైపు ఎవరూ ఏమీ నొక్కకుండానే మీరు వెళ్ళి సరిచేయొచ్చు. ల్యాప్‌టాప్ మేలుకుని, ఇంటర్నెట్‌లో ఉంటే చాలు. అందుకని ప్లగ్గులో ఉన్నప్పుడు స్లీప్‌ను నెవర్ చేయండి. వెళ్ళేముందు ఫోన్ చేసి చెప్పి వెళ్ళండి, ఎదురుగా బాణం దానంతటదే కదిలితే వాళ్ళు హడలిపోతారు.

ఎనీడెస్క్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఇక్కడే ఉంది. ఆ ప్రోగ్రామ్‌లో దోషం ఉందని కాదు, సర్వీస్ పనుల్లో దాన్ని చాలామంది నిజాయితీగానే వాడతారు. కానీ మోసగాళ్ళు బ్యాంకు నుంచి, కేవైసీ నుంచి అని ఫోన్ చేసి దాన్నే వేయమంటారు, కోడ్ చెప్పమంటారు. ఫోన్ స్క్రీన్ వాళ్ళకు కనపడగానే ఓటీపీలతో డబ్బు లాగేస్తారు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు దీని గురించి బ్యాంకులను హెచ్చరించింది. "మా అబ్బాయి ఇలాంటిదే పెట్టాడు, మంచిదే" అని నాన్నగారికి ఒకసారి నమ్మకం కుదిరితే, రేపు ఎవరో ఫోన్‌లో అదే పేరు చెప్పినప్పుడు అనుమానం రాదు. నా భయం అదే. అందుకే వాళ్ళు ఏ కోడూ చదివి చెప్పాల్సిన అవసరం లేని ఏర్పాటు చేయండి. ఫోన్‌లో ఎవరు ఏ యాప్ వేయమన్నా, ఏ నంబరు చెప్పమన్నా ముందు మీకు ఫోన్ చేయమనండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని ఆ నంబరు టీవీ పక్కన గోడ మీద రాసి పెట్టండి.

ల్యాప్‌టాప్ మోడల్, విండోస్ ఎడిషన్, హాల్లో సోఫాకు టీవీకి మధ్య దూరం ఇక్కడ రాస్తే, ఆ మోడల్‌ను మూత వేసి నడపొచ్చా లేదా, ఏ పోర్టులో రిసీవర్ పెట్టాలో చూసి చెబుతాను.